సీఈఏ ఎక్కువొస్తే క్యాన్సరేనా? ఒక రక్తపరీక్ష చెప్పేది, చెప్పలేనిది

క్లుప్తంగా: సీఈఏ అనేది కణాలు ఒకదానికొకటి అంటుకోవడానికి తోడ్పడే ప్రొటీన్. ఆరోగ్యవంతుల పేగులోనూ ఇది తయారవుతుంది. అందుకే మామూలు మనిషికి క్యాన్సర్ ఉందో లేదో తేల్చడానికి ఈ పరీక్ష పనికిరాదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లలో జబ్బు తిరగబెడుతోందేమో కనిపెట్టుకుని ఉండటానికి మాత్రం అక్కరకొస్తుంది. ఆ ప్రొటీన్ కణంలో ఎక్కడుంటుంది, ఎటు రాలుతుంది, కాలేయం దాన్ని ఎలా తొలగిస్తుంది అన్నవి తెలిస్తే రెండూ ఎందుకు నిజమో అర్థమవుతుంది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో డయాగ్నస్టిక్ సెంటర్లు అమ్మే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ‘ట్యూమర్ మార్కర్లు’, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల పదార్థాల పరీక్షలు కూడా చేరుతున్నాయి. మగవాళ్లకు పీఎస్‌ఏ, ఆడవాళ్లకు సీఏ-125, ఇద్దరికీ సీఈఏ. షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుందామని వెళ్లిన మనిషికి వచ్చిన రిపోర్టులో ఒక వరుస బోల్డు అక్షరాల్లో ఉంటుంది: సీఈఏ 6.8. పక్క గడిలో ‘హై’. ఆ పక్కన ‘5 లోపు ఉండాలి’ అన్న హద్దు. పొగ తాగేవారిలో పెరగవచ్చన్న మాట ఎక్కడో అడుగున, కంటికి ఆనని సైజులో ఉంటుంది. రిపోర్టు పీడీఎఫ్‌గా నేరుగా ఫోన్‌కే వస్తుంది కాబట్టి డాక్టరు కంటే ముందు గూగుల్‌లో వెతుకులాట మొదలవుతుంది. దాంతోపాటే టెన్షన్ కూడా.

ఇంకో అయోమయం దీనికి సరిగ్గా తలకిందులు. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో గడ్డ కనపడి, బయాప్సీలో క్యాన్సరని తేలినవాళ్లకు కూడా సీఈఏ నార్మల్‌గా రావచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు ‘రక్తంలో ఏమీ లేదన్నారు కదా, బయాప్సీయే తప్పేమో’ అంటారు. ఆరోగ్యవంతుడికి ఎక్కువ, రోగికి తక్కువ చూపించే పరీక్షను డాక్టర్లు దశాబ్దాలుగా ఎందుకు వాడుతున్నట్టు?

36 మందిలో 35

కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ యూనివర్సిటీలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో సీఈఏని గుర్తించారు. వాళ్ల పద్ధతిలో ఒక తెలివైన కిటుకుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడు గడ్డతో పాటు దానికి ఎడంగా ఉన్న బాగున్న పేగు ముక్క కూడా దొరుకుతుంది. రెండూ ఒకే మనిషివి కాబట్టి మనిషికీ మనిషికీ ఉండే తేడాల బెడద ఉండదు. గడ్డ నుంచి తీసిన సారాన్ని కుందేళ్లకు ఎక్కించి యాంటీబాడీలు పుట్టించారు. వాటిలో బాగున్న పేగుకు కూడా స్పందించేవాటిని తీసేశారు. మిగిలిన యాంటీబాడీలు గడ్డలో ఉన్న ఒక పదార్థాన్నే పట్టుకున్నాయి. గర్భస్థ శిశువుల పేగు, కాలేయం, క్లోమంలో కూడా మొదటి ఆరు నెలల్లో అదే పదార్థం కనిపించింది. పుట్టుకకు ముందు పనిచేసి ఆగిపోయిన జన్యువు క్యాన్సర్‌లో మళ్లీ లేస్తోందని భావించి, పిండాన్నీ క్యాన్సర్‌నూ కలిపి కార్సినోఎంబ్రియోనిక్ యాంటిజెన్ అని పేరు పెట్టారు. సీఈఏ దానికి పొట్టిపేరు.

1969లో అదే బృందం రక్తంలో దీన్ని కొలిచే పద్ధతి తయారుచేసింది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ఉన్న 36 మందిని పరీక్షిస్తే 35 మందిలో కనిపించింది. ఒక్క రక్తపు చుక్కతో క్యాన్సర్ తెలిసిపోతుందన్న ఆశ అప్పుడు పుట్టింది. ప్యాకేజీలు అమ్మేవాళ్ల మాటల్లో అది నేటికీ వినపడుతూనే ఉంటుంది. కానీ 1970ల మొదట్లో వేరే ఆసుపత్రులు ఇంకా ఎక్కువమందిపై పరీక్షించేసరికి లెక్క మారిపోయింది. ముదిరిన జబ్బులో దొరికినంత సులువుగా తొలిదశ జబ్బులో సీఈఏ దొరకలేదు. పైగా కాలేయ జబ్బులవాళ్లలో, పొగతాగేవాళ్లలో, పేగు పూతలున్నవాళ్లలో పెరిగి కనిపించింది. కొలిచే పద్ధతులు మెరుగయ్యాక అసలు ఊహే సడలింది: ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల పేగులోనూ సీఈఏ ఉంటుందని తేలింది. జన్యువు పూర్తిగా నిద్రపోలేదన్నమాట.

అంటుకునే గుణం, అదుపు తప్పిన గుంపు

గుర్తించిన ఇరవై ఏళ్ల దాకా ఈ ప్రొటీన్ కణానికి ఏం పనికొస్తుందో స్పష్టంగా తెలియదు. 1989లో మెక్‌గిల్‌లోనే క్లిఫర్డ్ స్టానర్స్ బృందం ఆ ముడి విప్పింది. సీఈఏ జన్యువును ఎక్కించిన కణాలను ద్రవంలో వదిలితే అవి విడివిడిగా తేలకుండా ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కట్టాయి. ఒక కణం మీది సీఈఏ పక్క కణం మీది సీఈఏని పట్టుకుంటుంది. ఇలాంటివాటిని కణసంలగ్న ప్రొటీన్లు అంటారు.

దీని నిర్మాణం యాంటీబాడీల నిర్మాణాన్ని పోలి ఉంటుంది. ఏడు మడతల భాగాలు వరుసగా గొలుసు కట్టి, వాటి నిండా చక్కెర శాఖలు మొలిచి ఉంటాయి. మొత్తం బరువులో సగం, ఆపైన చక్కెరలే. ఈ గొలుసు కణపు పొరను దాటి లోపలికి పోదు. పైపొరలో ఒక కొవ్వు కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది. అందుకే తేలిగ్గా ఊడి బయటపడుతుంది. ఇది ఊడకపోతే రక్తంలో కొలవడానికి ఏమీ ఉండేది కాదు. దీని జన్యువు 19వ క్రోమోజోమ్ మీద, ఇదే కుటుంబానికి చెందిన మరికొన్ని జన్యువుల పక్కనే ఉంది. శాస్త్రవేత్తల లెక్కల్లో దీని పేరు సీఈఏక్యామ్-5.

ఇక్కడ ఒక సందేహం సహజం. కణాలు అంటిపెట్టుకుని ఉంటే క్యాన్సర్ వ్యాపించకూడదు కదా? ఈ-క్యాడ్‌హెరిన్ అనే ఇంకో సంలగ్న ప్రొటీన్ విషయంలో అలాగే జరుగుతుంది. దాని తోక కణం లోపలికి వెళ్లి, కణానికి ఆకారమిచ్చే అక్కడి ‘అస్థిపంజరానికి’ ముడిపడి ఉంటుంది. ఆ ముడి ఊడితే కణాలు చెల్లాచెదురవుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో లోబ్యులార్ రకాన్ని మైక్రోస్కోపులో చూస్తే కణాలు ఒక్కొక్కటిగా వరుసలో నడిచిపోతున్నట్టు కనపడటానికి కారణం చాలావరకు ఈ-క్యాడ్‌హెరిన్ లేకపోవడమే. న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా వస్తున్న కడుపు క్యాన్సర్‌కు ఈ ప్రొటీన్ జన్యువులోని లోపమే కారణమని 1998లో తేలింది. కాబట్టి పాథాలజిస్టు ఈ-క్యాడ్‌హెరిన్ లేకపోవడాన్ని గుర్తుగా తీసుకుంటాడు. సీఈఏ విషయంలో ఎక్కువవడం గుర్తు.

సీఈఏకి కణం లోపల ఆ ముడి లేదు. హద్దు మీరి తయారై కణం నలువైపులా పరుచుకున్నప్పుడు అది కణాలను క్రమం లేకుండా అతికిస్తుంది. పేగు గోడలో వరుసగా నిలబడాల్సిన కణాలు గుంపుగా మారతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. తన చోటు నుంచి విడిపోయిన కణం మామూలుగా తనంతట తానే చనిపోవాలి. సీఈఏ ఎక్కువున్న కణాలు ఆ చావును తప్పించుకుంటున్నాయని ల్యాబ్ ప్రయోగాల్లో కనిపించింది. అంటించే ప్రొటీన్ వ్యాపించే జబ్బుకు తోడవడంలోని చిక్కుముడికి ఇది కొంతవరకు సమాధానం.

ఎటు రాలుతుందన్నదే అసలు సంగతి

పేగు లోపలి గోడను పొడవాటి కణాలు ఒకే వరుసలో కప్పి ఉంటాయి. ప్రతి కణానికీ రెండు ముఖాలు. ఒకటి పేగు నాళం వైపు, రెండోది రక్తనాళాల వైపు. ఆరోగ్యంగా ఉన్న కణంలో సీఈఏ నాళం వైపు అంచునే ఉంటుంది. ఊడినప్పుడు జిగురుతో కలిసి నాళంలో పడి మలంతో బయటికి పోతుంది. కణాల మధ్య గట్టి అతుకులు ఉంటాయి కాబట్టి రక్తం వైపు చేరేది బహు కొద్ది. పెద్దపేగు ప్రతిరోజూ సీఈఏని తయారుచేసి పారేస్తూనే ఉన్నా రక్తపరీక్షలో అంకె చిన్నదిగా ఉండటానికి ఇదే కారణం.

క్యాన్సర్ కణానికి ముందు వెనకల తేడా పోతుంది. ప్రొటీన్ అన్ని వైపులా చేరుతుంది, అతుకులు సడలుతాయి, గడ్డ గోడను తొలుచుకుని లోపలికి దిగుతుంది. పెరటి కాలువలోకి పోవాల్సిన నీళ్లు గోడ కూలి వీధిలోకి వచ్చినట్టు, మలంలోకి పోవాల్సిన సీఈఏ రక్తంలోకి, శోషరసంలోకి చేరుతుంది. పెరుగుదలలో తయారీ పాలు కొంత ఉన్నా, దారి మారడం పాలు చాలా ఉంది.

తొలిదశలో గడ్డ ఇంకా పేగు పైపొరకే పరిమితమై ఉంటే దారి పెద్దగా మారలేదు. అందుకే చాలామందిలో సీఈఏ నార్మల్‌గానే వస్తుంది. పేగు కణాల పోలికలు పూర్తిగా పోగొట్టుకున్న మొరటు రకం గడ్డల్లో కొన్ని సీఈఏనే సరిగా తయారుచేయవు. జబ్బు ముదిరినా అంకె కదలదు. నార్మల్ రిపోర్టు ఉన్నంత మాత్రాన బయాప్సీని అనుమానించకూడదన్నది ఇందుకే.

రక్తంలోకి వచ్చిన సీఈఏని తీసేసే పని కాలేయానిది. అక్కడి కుప్ఫర్ కణాలు దాన్ని పట్టి, కాస్త మార్చి, పక్కనున్న కాలేయ కణాలకు అందిస్తాయి. రక్తంలోని సీఈఏ సగానికి తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి కాలేయం దెబ్బతిన్నా, పిత్తనాళం రాళ్లతో మూసుకుపోయి కామెర్లు వచ్చినా, క్యాన్సర్ లేకుండానే సీఈఏ పేరుకుంటుంది. హెపటైటిస్, సిర్రోసిస్ ఉన్నవాళ్ల రిపోర్టును లివర్ ఫంక్షన్ టెస్టు పక్కన పెట్టుకుని చదవాల్సిందే. పొగతాగేవాళ్లది ఇంకో దారి. నిత్యం పొగ తగిలే శ్వాసనాళాల పొర కూడా సీఈఏ తయారుచేస్తుంది. అందుకే చాలా ల్యాబులు పొగతాగనివాళ్లకు 3 నానోగ్రాములు, తాగేవాళ్లకు 5 నానోగ్రాములు అని వేరువేరు హద్దులు పెడతాయి, మిల్లీలీటరుకు. బీడీ, సిగరెట్ అలవాటున్న మనిషికి 6.8 రావడంలో పెద్ద వింతేమీ లేదు. క్లోమవాపు, పేగుపూత, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, థైరాయిడ్ తక్కువ పనిచేయడం కూడా ఈ జాబితాలో ఉన్నాయి.

ఇలాంటి కారణాలతో పెరిగిన సీఈఏ 10 దాటడం అరుదు. 20 దాటితే వ్యాపించిన క్యాన్సర్ ఉందన్న అనుమానం బలపడుతుంది. అప్పుడు కూడా అది ఎక్కడిదో అంకె చెప్పదు. కడుపు, క్లోమం, ఊపిరితిత్తులు, రొమ్ము, థైరాయిడ్‌లోని మెడల్లరీ రకం, అండాశయంలోని కొన్ని రకాల క్యాన్సర్లన్నీ సీఈఏని పెంచగలవు.

పదివేల మందికి పరీక్ష చేస్తే

స్క్రీనింగ్‌కు సీఈఏ ఎందుకు పనికిరాదో ఒక ఊహా లెక్కతో చూడొచ్చు. ఏ లక్షణాలూ లేని పదివేల మంది నడివయసువాళ్లను తీసుకుందాం. వాళ్లలో 10 మందికి తెలియకుండా తొలిదశ పెద్దపేగు క్యాన్సర్ ఉందనుకుందాం. ఆ పదిమందిలో పరీక్ష నలుగురిని పట్టుకుంటుందనుకుంటే, తొలిదశకు అది ఉదారంగా వేసిన అంచనాయే. మిగతా 9,990 మంది సంగతేంటి? ల్యాబులు హద్దు పెట్టే పద్ధతిలోనే దీనికి జవాబుంది. సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఏ అంకె కంటే కింద ఉంటారో దాన్నే హద్దుగా తీసుకుంటారు. అంటే ఏ జబ్బూ లేకపోయినా నూటికి ఐదుగురికి ‘హై’ అని వస్తుంది. 9,990 మందిలో వాళ్లు దాదాపు 500 మంది.

‘హై’ వచ్చిన 504 మందిలో నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్లు నలుగురు. మిగతా ఐదొందల మందీ సీటీ స్కాన్ల చుట్టూ, ఎండోస్కోపీల చుట్టూ తిరగాలి. క్యాన్సర్ ఉండి ‘నార్మల్’ వచ్చిన ఆరుగురు నిశ్చింతగా ఇంటికి వెళతారు. ఈ లెక్కలో అసలు ప్రమాదం ఆ ఆరుగురిది, కానీ ప్యాకేజీ ప్రకటనల్లో వాళ్ల ఊసు రాదు. అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ మార్గదర్శకాలు సీఈఏని స్క్రీనింగ్‌కు వాడొద్దని ఏనాడో చెప్పాయి. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పట్టడానికి ఆధారమున్న దారులు మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష, కొలనోస్కోపీ.

ఆపరేషన్ తర్వాత అంకెల భాష

ఒకసారి జబ్బు ఖాయమయ్యాక పరిస్థితి మారిపోతుంది. పైన వేసిన లెక్కలో వెయ్యికి ఒకరికి క్యాన్సర్. రెండో, మూడో దశ పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు ‘హై’ అన్న మాటకు బరువు పెరుగుతుంది. పైగా పోల్చి చూడటానికి రోగి పాత అంకెలే ఉంటాయి, ఊళ్లోవాళ్ల సగటుతో పనిలేదు.

ఉదాహరణకు ఆపరేషన్‌కు ముందు సీఈఏ 42 ఉందనుకుందాం. గడ్డ పూర్తిగా వచ్చేస్తే, కాలేయం మిగిలినదాన్ని శుభ్రం చేయడానికి పట్టే సమయాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలుకు రావాలి. వచ్చింది, 2.1. అలా కాకుండా 15 దగ్గర ఆగిపోతే ఎక్కడో మిగిలి ఉందని అర్థం. తర్వాత మూణ్నెల్లకోసారి చేసిన పరీక్షల్లో 2.4, 2.3, 4.1, 7.9 వచ్చాయి. 4.1 వచ్చినప్పుడు రిపోర్టులో ‘నార్మల్’ అనే ఉంటుంది. క్యాన్సర్ డాక్టరు మాత్రం ఆ అంకె దగ్గరే ఆగుతాడు, దాదాపు రెట్టింపయింది కాబట్టి. మొదట అదే ల్యాబులో పరీక్ష మళ్లీ చేయించి, పెరుగుదల నిజమైతే సీటీ, కొలనోస్కోపీ, అవసరాన్ని బట్టి పెట్ స్కాన్ చేయిస్తాడు. పెద్దపేగు రక్తమంతా ముందు కాలేయానికే చేరుతుంది కాబట్టి జబ్బు అక్కడ తిరగబెట్టడం ఎక్కువ. కాలేయంలో ఒకటో రెండో గడ్డలున్నప్పుడే పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యేవాళ్లు కూడా ఉన్నారు. ఇన్నిసార్లు పరీక్షలు చేయించడం వెనకున్న ఆశ అదే. అమెరికా మార్గదర్శకాల ప్రకారం మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఐదేళ్లు నిండేవరకు ఆర్నెల్లకోసారి చేస్తారు.

తిరగబెట్టడాన్ని పట్టడంలో కూడా ఇది గురి తప్పని పరీక్షేమీ కాదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష ప్రకారం, హద్దు 5 దగ్గర పెడితే తిరగబెట్టిన కేసుల్లో 71 శాతం దొరుకుతాయి, జబ్బు లేనివాళ్లలో 12 శాతం మందికి తప్పుడు హెచ్చరిక వస్తుంది. హద్దును 10కి పెంచితే తప్పుడు హెచ్చరికలు 3 శాతానికి పడిపోతాయి, దొరికేవి 68 శాతం. 2.5కి దించితే 82 శాతం దొరుకుతాయి కానీ ఐదుగురిలో ఒకరికి అనవసరపు కంగారు. విడి అంకె కంటే వరుస అంకెల పోకడకే డాక్టర్లు ఎందుకు విలువిస్తారో ఈ గణాంకాలు చూస్తే తెలుస్తుంది.

ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు అంత ఊరటనిచ్చేది కాదు. బ్రిటన్‌లో 39 ఆసుపత్రుల్లో 1,202 మందిపై జరిగిన ఫ్యాక్స్ ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. లక్షణాలు కనిపించినప్పుడే చూసిన గుంపులో, తిరగబెట్టిన జబ్బుకు నయం చేసే ఉద్దేశంతో ఆపరేషన్ చేయగలిగింది 2.3 శాతం మందికి. సీఈఏతో గమనించిన గుంపులో 6.7 శాతం, సీటీతో 8 శాతం, రెండూ కలిపితే 6.6 శాతం. ఆపరేషన్ అవకాశం పెరిగింది కానీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో వచ్చిన కోలోఫాల్ అధ్యయనం 2,509 మందిలో ఎక్కువసార్లు, తక్కువసార్లు పరీక్షించడాన్ని పోల్చి చూసినా మరణాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి రెండు నెలలకోసారి చేయించుకుంటే ఇంకా మంచిదన్న రోగుల నమ్మకానికి ఆధారం లేదు.

అంకెను తప్పుదోవ పట్టించేవి

కీమో మొదలైన నాలుగు నుంచి ఆరు వారాల్లో, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వాడినప్పుడు, సీఈఏ పెరిగి తర్వాత తగ్గడం ఉంది. చనిపోతున్న క్యాన్సర్ కణాలు తమలోని ప్రొటీన్‌ను వదలడం వల్ల వచ్చే పెరుగుదలగా దీన్ని భావిస్తారు. మందు పనిచేస్తున్నప్పుడే అంకె పెరగడం చూసి చికిత్స ఆపేస్తే నష్టం.

ల్యాబు మారినా అంకె మారుతుంది. ఒక్కో కంపెనీ కిట్టులో యాంటీబాడీ వేరు, అది సీఈఏలో పట్టుకునే భాగం వేరు. ఒక ఊళ్లో 3.2, ఇంకో ఊళ్లో 4.6 వచ్చాయంటే జబ్బు పెరిగిందనుకోనక్కర్లేదు, తేడా కిట్టుదే కావచ్చు. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు మరో తిరకాసు. కొన్ని కిట్లు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి. పెద్ద మోతాదులో మాత్రలు వేసుకుని వెళితే సీఈఏ నిజం కంటే తక్కువగా రావచ్చు. రక్తం తీసేటప్పుడు ఈ ప్రశ్న అడిగే ల్యాబులు తక్కువ, రోగే ముందుగా చెప్పాలి.

గుర్తు నుంచి గురి వైపు

క్యాన్సర్ కణాల ఒంటినిండా ఉండే ప్రొటీన్ మందుకు గురిగా కూడా పనికిరావాలి. సీఈఏని పట్టే యాంటీబాడీకి విషపు మందును తగిలించి నేరుగా గడ్డకు పంపాలన్నది ఒక ప్రయత్నం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై సనోఫీ కంపెనీ పరీక్షించిన టుసామిటామాబ్ రావ్‌టాన్సిన్ అనే మందు ఆశించిన ఫలితం ఇవ్వకపోవడంతో 2023లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆపరేషన్ సమయంలో మెరిసే రంగును సీఈఏ యాంటీబాడీకి కట్టి, సర్జన్‌కు గడ్డ అంచులు కనిపించేలా చేసే పద్ధతిపై యూరప్‌లో పరీక్షలు జరిగాయి.

తిరగబెట్టడాన్ని పట్టే పనిలో సీఈఏకి గట్టి పోటీ రక్తంలో తేలే గడ్డ డీఎన్ఏ. ఆస్ట్రేలియాలో రెండో దశ రోగులపై జరిగిన డైనమిక్ ట్రయల్‌లో ఆ పరీక్షను బట్టి కీమో ఇవ్వాలా వద్దా అని నిర్ణయించారు. కీమో తీసుకోవాల్సి వచ్చినవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. అయితే సీఈఏ మన దగ్గర కొన్ని వందల రూపాయల్లో, జిల్లా కేంద్రంలో కూడా అయిపోయే పరీక్ష. డీఎన్ఏ పరీక్ష ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఇంకా చాలా ఏళ్లు రెండూ పక్కపక్కనే నడుస్తాయనుకోవచ్చు.

‘హై’ వచ్చినవాళ్లు, లక్షణాలున్నవాళ్లు

చెకప్‌లో అనుకోకుండా కాస్త ఎక్కువ వచ్చినప్పుడు డాక్టర్లు సాధారణంగా పొగ అలవాటు, కాలేయం, కామెర్లు, ఇతర జబ్బుల సంగతి అడిగి, కొన్ని వారాలాగి అదే ల్యాబులో మళ్లీ చేయిస్తారు. స్థిరంగా ఉన్నా, తగ్గినా ఒక అర్థం. పరీక్ష పరీక్షకూ పెరుగుతుంటే వెతకాల్సిందే.

లక్షణాలున్నవాళ్ల సంగతి వేరు. ప్రభుత్వ జాతీయ కార్యక్రమంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ ఉంది కానీ పెద్దపేగుకు లేదు. కాబట్టి ఈ జబ్బు చాలావరకు లక్షణాలతోనే బయటపడాలి. మలంలో రక్తం పడితే మొలలనుకుని నెలల తరబడి ఆకుమందులు, పైల్స్ క్లినిక్‌లు తిరగడం మనవైపు మామూలే. రక్తం పడుతున్నా, మలవిసర్జన అలవాటు మారినా, కారణం లేకుండా బరువు, హిమోగ్లోబిన్ తగ్గుతున్నా కొలనోస్కోపీ అవసరమో కాదో తేల్చాల్సింది డాక్టరు. ప్యాకేజీ రిపోర్టులో సీఈఏ 2.0 అని ఉన్నా ఆ నిర్ణయం మారదు.